బంగారక్క ఎవరిని చూసి నవ్వుతుంది?

ఆషాఢం వచ్చిందంటే రాజీవ్ రహదారి పొడుగునా ఫ్లెక్సీలు లేస్తాయి. శామీర్‌పేట చెరువు దాటి అలియాబాద్ చౌరస్తా దాకా, అక్కణ్నుంచి లోపలి ఊళ్లలోకి, ఎటు చూసినా బోనాల శుభాకాంక్షలే. పోతరాజు ఒళ్లంతా పసుపుతో, నడుముకి వేపమండలతో కొరడా ఎత్తి ఉంటాడు. బోనమెత్తిన ఆడపడుచు కళ్లు దించుకుని వినయంగా నడుస్తుంటుంది. వెనక అమ్మవారు, కింద వరసగా లీడర్ల ముఖాలు. పెద్దమనిషి కండువా లాగి, పూజారిని వెక్కిరించి, నలుగురి ముందూ నోరు చేసుకుని ఊరంతటినీ నవ్వించే ఆడమనిషి మాత్రం ఏ ఫ్లెక్సీలోనూ ఉండదు. మన సంప్రదాయంలో ఆవిడ లేక కాదు, ఆవిడ బొమ్మ వేసే అలవాటు మనకు తప్పింది.

కామిక్స్, యానిమేషన్ నేర్చుకునే పిల్లలు ఇలాంటి మనిషి కోసం వెతికితే ఇంటర్నెట్ వాళ్లని తీసుకెళ్లేది అమెరికా నైరుతి మూలకి, ప్యూబ్లో జాతుల పవిత్ర విదూషకుల దగ్గరికి. ఒంటినిండా నలుపు తెలుపు చారలు, తలమీద రెండు కొమ్ముల్లా నిక్కిన జుట్టు, ఆ కొనల్లో మొక్కజొన్న పొత్తు రేకులు. చూడగానే పెన్సిల్ పట్టుకోబుద్ధేసే రూపం. దాన్ని ఒక అల్లరి అమ్మాయికి తొడిగేస్తే బొమ్మ తయారు. ఇలా వేయొచ్చా, వేస్తే ఆ రూపంలో ఏం మిగులుతుంది, ఏం జారిపోతుంది, ఇదే పని మన దగ్గర ఎవరెవరు ఎలా చేశారు అనేవి విడివిడిగా చాలామంది రాసిన సంగతులే. వాటిని ఒకచోట పెట్టి చూస్తే బొమ్మలు వేసేవాళ్లకి పనికొచ్చే దారి ఒకటి కనిపిస్తుంది.

ముందు ప్యూబ్లోల సంగతి. న్యూమెక్సికో, అరిజోనాల్లో మట్టిగోడల మిద్దెలు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటూ ఉండే జాతులకి స్పెయిన్ వాళ్లు పెట్టిన ఉమ్మడి పేరది. వాళ్లందరిదీ ఒక భాష కాదు, విదూషకులకీ ఒక పేరు లేదు. కెరెస్ మాట్లాడేవాళ్లకి కోషారేలు, తేవా మాట్లాడేవాళ్లకి కోసాలు. జూనీల్లో పదిమంది కోయెమ్షీలు మట్టిరంగు ముసుగులు వేసుకుంటారు, ఆ ముసుగుల నిండా బుడిపెలు. హోపీ ఊళ్లలో విదూషకులు మిద్దెల మీదుగా వచ్చి, నిచ్చెనల మీద తలకిందులుగా జారుతూ ఊరి మధ్య బయల్లోకి దిగుతారు. ఒకపక్క దేవతావేషాలు గంభీరంగా నాట్యం చేస్తుంటే వీళ్లు అడ్డం పడతారు, తిండికి ఎగబడతారు, బూతులు మాట్లాడతారు, కెమెరాతో వచ్చిన తెల్ల టూరిస్టు నడకని అనుకరిస్తారు. చివరికి కట్సీనాలనే ఆ దేవతావేషాలే వచ్చి వీళ్లకి బెత్తాలతో, నీళ్లతో బుద్ధి చెబుతాయి. మనిషి బతకకూడని తీరు ఏదో విదూషకుడు తన ఒంటిమీద వేసుకుని చూపిస్తాడు. హోపీల నుంచే వచ్చిన పండితుడు ఎమరీ సెకక్వాప్టెవా ఈ సంగతిని లోపలిమనిషిగా వివరించాడు.

బయటివాళ్లకి అది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. అడాల్ఫ్ బాండెలియర్ 1890లో ఈ కోషారేల మీద ఒక నవల అచ్చేశాడు. వాళ్ల చేష్టలకి మొహం చిట్లించిన మనిషే పుస్తకానికి మాత్రం వాళ్ల పేరే పెట్టుకున్నాడు. 1921లో అమెరికా ప్రభుత్వపు ఇండియన్ వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ ఆదివాసుల నాట్యాలకి పగ్గాలు వేయమని సర్క్యులర్ పంపాడు. నీతి తప్పిన ఆటలన్న ఫిర్యాదు అందులో ముఖ్యమైంది. 1934లో ఎల్సీ క్లూస్ పార్సన్స్, రాల్ఫ్ బీల్స్ కలిసి ప్యూబ్లో, మాయో, యాకీ జాతుల పవిత్ర విదూషకుల మీద రాసిన వ్యాసం వచ్చాకే ఈ విషయం పాండిత్యపు బల్ల మీదికి మర్యాదగా ఎక్కింది. అంతకుముందు, ఆ తర్వాత కూడా గీసినవాళ్లలో ఎక్కువమంది చారల్ని గీశారు, పనిని గీయలేదు.

ఈ విదూషకులు చాలా చోట్ల మగవాళ్లే. ఆడమనిషిని వెక్కిరించాలంటే మగవాడే ఆడవేషం కట్టి వస్తాడు. మరి ఆడవిదూషకికి రూపం ఇచ్చిందెవరు అంటే, మట్టి పిసికే ప్యూబ్లో ఆడవాళ్లే. న్యూమెక్సికోలోని శాంటా క్లారాకి చెందిన రాక్సాన్ స్వెంట్జెల్ 1988లో నాలుగు మట్టి బొమ్మలు చేసింది. భూమిలోంచి పైకి వస్తున్న చారల కోసాలవి, ఇప్పుడు ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకడు చేతుల్ని, ఒకడు ఒంటిని, ఒకడు ప్రపంచాన్ని అప్పుడే చూస్తున్నట్టు ఉంటారు. ఆవిడ చేసిన మామూలు ఆడవాళ్ల బొమ్మల్లోనూ అదే చూపు: లావుగా, నేలమీద చతికిలబడి, తమని తామే చూసి ఆశ్చర్యపోతూ ఉంటారు. అదే ఊరికి చెందిన నోరా నరాంహో మోర్స్ ఇంకో అడుగు ముందుకేసి పెర్లీన్ అనే పాత్రని పుట్టించింది. ఊరి కట్టుబాట్లకీ బయటి షోకులకీ మధ్య ఊగుతూ రెండింటినీ ఆటపట్టించే పిల్ల పెర్లీన్. మట్టిలో ఎన్నో రూపాల్లో కనిపించింది, 1992లో వచ్చిన మోర్స్ కవితల పుస్తకంలోనూ చోటు సంపాదించింది. పెర్లీన్ ఎవరి తంతులోని వేషమూ కాదు. కోసాల తుంటరితనాన్ని తీసుకుని, వాళ్ల వేషాన్ని తంతులోనే వదిలేసిన సృష్టి అది. ఈ తేడానే మనకి కావాలి.

ఎందుకంటే పవిత్ర వేషాల జోలికి పోయినవాళ్ల కథలు బాగా జరగలేదు. హోపీలు తమ ఊళ్లలో ఫొటోలు తీయడాన్నీ తంతుల్ని గీయడాన్నీ చాలాకాలంగా ఒప్పుకోవడం లేదు. 1992లో మార్వెల్ కంపెనీ ఒక ఫుట్‌బాల్ హీరో కామిక్‌లో కట్సీనా వేషాలు వేసుకున్న దుండగుల్ని గీసింది. హోపీలు అభ్యంతరం చెప్పారు, కంపెనీ ఆ సంచికని వెనక్కి తీసుకుంది, కొన్ని ఊళ్లు తమ నాట్యాలకి బయటివాళ్లని రానీయడం మానేశాయి. ఒక్క పాతిక పేజీల బొమ్మల పుస్తకం ఒక గుమ్మాన్ని మూసేసిందన్నమాట. 2013లో పారిస్‌లో డెబ్భై దాకా పవిత్ర ముసుగులు వేలానికి వచ్చినప్పుడు హోపీలు కోర్టుకెళ్లినా వేలం ఆగలేదు. అదే ఏడాది చివర జరిగిన మరో వేలంలో అమెరికాకి చెందిన ఆనెన్‌బర్గ్ ఫౌండేషన్ ఇరవై నాలుగు వస్తువులు కొని అవి ఏ జాతులవో ఆ జాతులకే తిరిగి ఇచ్చింది. బొమ్మ గీయడం వేలం వేయడం అంత పెద్ద తప్పు కాకపోవచ్చు. అయినా ఈ చరిత్ర తెలిశాక అలియాబాద్‌లో కూర్చుని హోపీ ముసుగుని ఒక కార్టూన్ అమ్మాయికి తగిలించడం నాకైతే సబబు అనిపించదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది: ఆ అమ్మాయి ఎవరినీ వెక్కిరించదు. ఆవిడకి ఊరు లేదు, పండగ లేదు, ఎదుట పెద్దమనిషి లేడు. చారలు మాత్రం ఉంటాయి.

మన దగ్గర ఊరూ పండగా పెద్దమనిషీ అన్నీ ఉన్న మనిషి బంగారక్క. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఆవిడని పరిచయం చెయ్యక్కర్లేదు. చూడనివాళ్లకి చెప్పాలంటే: తెర మీద రామరావణ యుద్ధం జరుగుతుంటుంది, పంచెలు కలిపి కట్టిన తెల్ల తెర వెనక దీపం, ఆటగాళ్లు చెక్కపలకల మీద కాళ్లతో దబదబా తొక్కుతుంటారు, రంగనాథ రామాయణం ద్విపదలు సాగుతుంటాయి. ఉన్నట్టుండి జుట్టుపోలిగాడు దూరతాడు. వెనకే వాణ్ని తిట్టుకుంటూ బంగారక్క. వాళ్లిద్దరి మధ్యలోకి కేతిగాడు. మొగుడు, పెళ్లాం, పక్కవాడు. రాముడు ఏ యుగంలో ఉన్నా బంగారక్క మాత్రం ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉంటుంది. రాముడిది పుస్తకం భాష, ఆవిడది సంత భాష. ఆటగాళ్లు చాలామంది ఇంట్లో మాట్లాడేది ఒకరకం మరాఠీ అని గుర్తుపెట్టుకుంటే, ఆ సంత భాష ఎంత చెవిపెట్టి పట్టినదో తెలుస్తుంది.

జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ అనే అమెరికన్ 1980లలో ఈ ఆట మీద పరిశోధన చేసి, 1989లో భారతదేశపు మౌఖిక ఇతిహాసాల మీద వచ్చిన ఒక సంకలనంలో రాసిన వ్యాసంలో, ఆటని నడిపేది ఇతిహాసం కాదు విదూషకులే అని వాదించాడు. కథ ఎక్కడ ఆపాలి, జనం నిద్రలోకి జారుతుంటే ఎలా లేపాలి, ఊరి సంగతులు ఎప్పుడు లాగాలి అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. అంతకుముందే 1985లో మొదలి నాగభూషణ శర్మ తోలుబొమ్మలాట మీద సంగీత నాటక అకాడమీకి పుస్తకం రాశారు. ఈ రెండూ చదివితే హాస్యపాత్రలు ఆట మధ్య వచ్చే విరామం అన్న అభిప్రాయం నిలబడదు. అయితే ఇద్దరూ ఆటని చూశారు. బొమ్మ గీసేవాడి కంటితో చూస్తే చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది.

అనంతపురం వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు సోకితే లోపల దీపం ఉన్నట్టు మెరిసే పొర తయారవుతుంది. దానిమీద ఇనుపమొనతో గీత గీస్తారు. ఉలితో చిన్నచిన్న చిల్లులు పొడుస్తారు. నగలన్నీ ఆ చిల్లులే: వడ్డాణం, కంటె, కిరీటం. రంగులు రెండు వైపులా పూస్తారు. రాముడు, రావణుడు నాలుగడుగులు, ఆరడుగులు ఉంటారు. దేశంలో ఇంత పెద్ద తోలుబొమ్మలు అరుదు. బంగారక్క ముఠా బొమ్మలు చిన్నవి. నగలు తక్కువ కాబట్టి చిల్లులూ తక్కువే. దేవతల నీడలో వెలుతురు చుక్కలు చుక్కలుగా రాలుతుంటే ఈవిడ నీడ ముద్దగా, ఒంటి ఆకారం మొత్తం తెలిసేట్టు పడుతుంది. ముఖం పక్కవాటున, కన్ను మాత్రం మనవైపు. రాముడు తూకంగా, దాదాపు కదలకుండా నిలబడితే హాస్యపు బొమ్మలకి మెడ దగ్గర, భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర కీళ్లు. ఆటగాడు పుల్లని కొంచెం తిప్పితే చాలు, చెయ్యి వెళ్లి జుట్టుపోలిగాడి నెత్తి మీద పడుతుంది.

గౌరవం తక్కువయ్యేకొద్దీ కీళ్లు పెరుగుతాయి. దేవుడు కదలనక్కర్లేదు, విదూషకి కదలకపోతే బతకలేదు. ఈ సూత్రం కాగితం మీద కూడా పనిచేస్తుంది. అల్లరి ఆడమనిషిని గీయాలంటే మొదట ఆలోచించాల్సింది ఆవిడ చీర రంగో చారలో కాదు, మోచెయ్యి ఎటు విరుగుతుంది అన్నది. కాగితం మీద ప్రాణం లేకుండా కనిపించే హాస్యపు ఆడబొమ్మలన్నీ బాగానే ఉంటాయి, కానీ రాముడిలా నిలబడి ఉంటాయి.

బంగారక్కతో చిక్కు మరోచోట ఉంది. తెర మీద ఆవిడ తిట్లు తిడుతుంది, చెంపలు వాయిస్తుంది, నిజమే. కానీ నవ్వు ఎక్కువసార్లు ఆవిడ ఒంటి మీద, ఆవిడ నడత మీద పడుతుంది. మొగుడికీ ప్రియుడికీ మధ్య నలిగే గయ్యాళి అన్న మూసలోంచి ఆవిడ బయటపడేది అప్పుడప్పుడే. బూతు సంగతి సరేసరి, పిల్లలతో కలిసి చూడలేని సన్నివేశాలుంటాయి. ఇక్కడ ఒక మంచి సంగతి కూడా ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఆట, ఆడపాత్రలకి గొంతిచ్చేది తరచుగా ఆ ఇంటి ఆడవాళ్లే. అంటే బంగారక్క తిట్లలో కొన్నిటికి నిజమైన ఆడగొంతు ఉంది. మగవాడు ఊహించిన గయ్యాళితనమూ, ఆడమనిషి సొంతంగా తిట్టిన తిట్టూ ఒకే బొమ్మలో కలిసిపోయి ఉన్నాయి. ఇవాళ ఆవిడని గీసేవాళ్లు ఆ రెండో గొంతుని పట్టుకోవాలి.

ఆ గొంతు అడ్డూ అదుపూ లేకుండా వినబడిన చోటు మాతంగి. తలకి తల మారిన రేణుకా ఎల్లమ్మ కథ తెలుగువాళ్లకి కొత్త కాదు. ఆ కథని ఒంటి మీద మోసే మాదిగ స్త్రీ మాతంగి. ఒంగోలు మిషన్‌కి చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో, విల్బర్ ఎల్మోర్ 1915లో ఆవిడ గురించి రాశారు. పూనకంలో ఆవిడ ఊరేగింపు ముందు నడుస్తుంది, కల్లు పుక్కిలించి జనం మీద ఉమ్ముతుంది, రెడ్లనీ బ్రాహ్మణులనీ కోమట్లనీ పేరుపేరునా తిట్టిపోస్తుంది. మామూలు రోజున ఆవిడ నీడ సోకితే స్నానం చేసే మనుషులు ఆ రోజు ఆ ఉమ్ముకి ఎదురొస్తారు, అది పడితే పుణ్యమంటారు. ప్యూబ్లో విదూషకులకి ఉన్న అనుమతి మన నేల మీద ఒక ఆడమనిషికి, అదీ ఊరి చివరి ఆడమనిషికి, ఇంత పచ్చిగా దొరికింది.

దీన్ని తలకెత్తుకుని ఊరేగడానికి మాత్రం లేదు. ఆ ఒక్కరోజు ఏలికకి ఆవిడ కట్టిన వెల ఎంతో అందరికీ తెలుసు. దేవతకి ఇచ్చేసిన పిల్లగా పెళ్లి లేని బతుకు, ఊరి పెద్దల కన్ను, జోగినీ వ్యవస్థ. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసిందంటే అది ఊరికే కాదు. అందుకని మాతంగిని స్వేచ్ఛకి చిహ్నం అని పోస్టర్ గీసేసే ఉత్సాహం నాకు కొంచెం భయం కలిగిస్తుంది. గీస్తే తిట్టే నోటితో పాటు మర్నాడు పొద్దున్న ఆవిడ ఎటు వెళ్తుందో కూడా తెలిసి గీయాలి. ఈ రెండో భాగం ఒకే బొమ్మలో పట్టదు, కాబట్టి కథలుగా, వరస బొమ్మలుగా వేసే రూపమే మాతంగికి నప్పుతుంది. చేర్యాల నకాషీలు వేసే పటం సరిగ్గా అలాంటి రూపమే. గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద, బంక పట్టించి, ఎర్రటి నేపథ్యంలో అడ్డపట్టీలుగా కథ నడిపిస్తారు. డక్కలివాళ్లు మాదిగలకి చెప్పే జాంబపురాణం ఆ పటాల మీదే నడిచింది. ఈ రహదారి మీద సిద్దిపేట వైపు సాగి పక్కకి తిరిగితే చేర్యాల చాలా దూరమేం కాదు. 

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మాతంగి ఇంకో రూపంలో ఉంది. అక్కడ ఆడవేషం మగవాళ్లది. పాలెగాడి ఆగడాలు మితిమీరితే గంగమ్మ రోజుకో వేషంతో వాణ్ని వెతికి చంపిందని కథ. ఆ వేషాలనే జనం మొక్కుగా కడతారు: బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుమసి. తరువాత దొర, ఆ పైన మాతంగి. ముఖ్య వేషాలు కైకాల కుటుంబంవి. బండ వేషం నాడు నోటికొచ్చిన తిట్టు తిట్టొచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఈ జాతర మీద తెచ్చిన పుస్తకంలో ఒక చక్కని సంగతి చెప్పింది. ఆ వారం లోకమంతా స్త్రీ అయిపోతుంది. మగవాడు అమ్మవారికి దగ్గర కావాలంటే చీర కట్టాలి, పసుపు పూసుకునే ఆడమనిషి అప్పటికే దగ్గరే ఉంటుంది. బొమ్మ గీసేవాళ్లకి తెలుపు, ఎరుపు, నలుపు అనే మూడు రంగుల్లో మూడు రోజుల మనుషులు ఇక్కడ సిద్ధంగా ఉన్నారు. న్యూమెక్సికో చారల కోసం ఎందుకు పరిగెత్తాలో నాకర్థం కాదు.

ఇక మిగతావాళ్లని త్వరగా దాటేస్తాను. కూచిపూడి భామాకలాపంలో సూత్రధారుడే మాధవి అయి సత్యభామ గర్వాన్ని గిల్లుతుంది. గొల్లకలాపంలో చల్లమ్మే గొల్లభామ బ్రాహ్మణ్ని శాస్త్రంలో నిలదీస్తుంది. కూచిపూడిలో రెండూ తరతరాలుగా మగవాళ్లు కట్టిన వేషాలే. శ్రీనివాసుడంతటివాడు పెళ్లి కుదుర్చుకోవడానికి ఎరుకలసాని వేషం కట్టాల్సొచ్చింది. పగటివేషాల్లో సోమయాజులు, సోమిదేవమ్మ జంట ఉంది. ఖాకీ బట్టలు, టోపీ, కట్టె తుపాకీతో కోతలు కోసే పిట్టలదొర ఉన్నాడు. టూరిస్టుని వెక్కిరించే హోపీ విదూషకుడికి అచ్చం తమ్ముడు వీడు. దొరలు పోయారు, వేషం మిగిలింది. పిట్టలదొరసాని ఎందుకు లేదన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

చిత్రకారుల దగ్గరికొస్తే, తెలంగాణ ఆడమనిషి బొమ్మ అనగానే తోట వైకుంఠం గుర్తొస్తాడు. నల్లటి ఒళ్లు, అణా కాసంత బొట్టు, కుంకుమరంగు చీర. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లని చూసి ముగ్ధుణ్నయ్యానని ఆయన చెప్పుకున్నాడు. అంటే ఇవాళ తెలంగాణ స్త్రీకి గుర్తుగా హోటల్ లాబీల్లో వేలాడే ఆ బొమ్మకి వేరు ఒక వేషంలో ఉంది. ఇది తెలిశాక ఆ బొమ్మల్లోని భారీతనం, ముస్తాబు, నిలబడే తీరు వేరేలా కనిపిస్తాయి. కానీ ఆయన ఆడవాళ్లు నవ్వరు, మనల్ని నవ్వించరు. వేషగాడి హుందాతనం వచ్చింది, వేషగాడి అల్లరి రాలేదు. అల్లరి కె. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో ఉంది. మేకలు, చెట్లు, మనుషులు ఒకరిలోకి ఒకరు దూరిపోయే ఆ గీతల్లో ఊరి ఆడమనిషి కోరిక దాచుకోదు. అయినా అక్కడా ఆవిడని చూస్తున్నది ఒక మగ కన్నే అన్న సంగతి మరిచిపోలేం.

బాపు విషయం చెప్పక తప్పదు. బాపు బొమ్మ అనే మాట అందానికి పర్యాయమై కూర్చోవడం వల్ల ఆయన గీసిన అల్లరి ఆడవాళ్లు మరుగున పడ్డారు. బుడుగు పక్కన సీగానపెసూనాంబని చూడండి. రెండు గీతల్లో ఆ పిల్ల పొగరంతా ఉంటుంది. కార్టూన్లలో అప్పడాల కర్ర పట్టిన భార్యలకి ఆయన చేతి వాటం అద్భుతం, జోకు మాత్రం పాతదే. జోకు దిశ మార్చినవాళ్లలో రాగతి పండరి పేరు ముందు చెప్పాలి. విశాఖలో ఉంటూ, చిన్నప్పుడే పోలియో బారినపడినా వేలకొద్దీ కార్టూన్లు వేసి, 2015లో చనిపోయిన ఆవిడ పత్రికల్లో తెలుగు మహిళా కార్టూనిస్టులకి దారి వేసింది. ఆవిడ ఆడవాళ్లు గడప దగ్గర నిలబడి మొగుడి గొప్పల్ని చప్పగా ఒక్క మాటతో తీసేస్తారు. గీతలో బాపు సొగసు లేదు, వంటింటి నుంచి చూసిన చూపు ఉంది. మన విమర్శకులు గీత సొగసుకే మార్కులు వేసే అలవాటులో ఈ చూపుకి దక్కాల్సిన మార్కులు పోయాయి.

సినిమా తెర మీద బంగారక్కకి నిజమైన వారసురాలు సూర్యకాంతం. 1962లో వచ్చిన గుండమ్మ కథలో పెద్ద హీరోలు ఇద్దరున్నా సినిమాకి పేరు ఆవిడ పాత్రదే అయింది. బొమ్మలు నేర్చుకునేవాళ్లకి ఆవిడ ఎడమచేతి వాటం ఒక పాఠం. మాట ఒకవైపు, చెయ్యి ఇంకోవైపు, కొంగు మూడోవైపు. పాజ్ నొక్కి ఏ ఫ్రేమ్ ఆపినా ఒళ్లు ఒకే గీత మీద ఉండదు. తోలుబొమ్మకి కీళ్లు ఎక్కడెక్కడ పెట్టారో ఈవిడ ఒంట్లో అక్కడక్కడే విరుపులు. దీనికి అటు చివర టీవీ కామెడీ షోలు. 2013 నుంచి నడుస్తున్న జబర్దస్త్‌లో లేడీ గెటప్ ఒక స్థిరమైన ఉద్యోగం అయింది. అక్కడ చీర కట్టిన మగవాడు అమ్మవారికి దగ్గర కావడానికి కట్టడు, ఆడమనిషి ఒంటిని జోకు చేయడానికి కడతాడు. బయటికి చూస్తే వేషం గంగమ్మ జాతర వేషమే. అనుమతి ఇచ్చింది ఎవరు, వెక్కిరింత ఎవరి మీద పడుతోంది అన్న రెండూ మారిపోయాయి.

ఈ రెండు ప్రశ్నలే ఆడవిదూషకి బొమ్మకి అసలు కొలత అని నాకు అనిపిస్తుంది. శాంటా క్లారా ఆడవాళ్లు మట్టిలో చేసిందీ అదే. నవ్వే అధికారాన్ని ముసుగులో వెతక్కుండా తమ ఊరి ఆడమనిషి ముఖంలో పెట్టారు. మనకి కీళ్లు నిమ్మలకుంటలో ఉన్నాయి, రంగులు తిరుపతిలో ఉన్నాయి, వరస చేర్యాలలో ఉంది, నోరు మాతంగిది. వెక్కిరించడానికి పెద్దమనుషులు మాత్రం ఎక్కడికీ వెళ్లకుండా ఈ రహదారి మీదే దొరుకుతారు. ఈమధ్యే మున్సిపాలిటీ అయిన అలియాబాద్ చుట్టూ ఎకరం ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించే బ్రోకరు ఉన్నాడు. చెరువు శిఖం మీద నిలబడి ఇది చెరువే కాదని వాదించే వెంచర్ యజమాని ఉన్నాడు. జీనోమ్ వ్యాలీ బస్సు దిగి ఇంట్లో మంచినీళ్లు కూడా తనంతట తాను తెచ్చుకోని అల్లుడున్నాడు. బోనాలకి లక్ష రూపాయల ఫ్లెక్సీ కట్టించి చందా పుస్తకంలో నూటపదహార్లు రాయించే లీడరున్నాడు. బంగారక్క మోచెయ్యి వీళ్లలో ఎవరి నెత్తి మీద ముందు పడాలన్నది గీసేవాళ్లు తేల్చుకోవాలి. నన్నడిగితే చందా పుస్తకం దగ్గర మొదలుపెట్టమంటాను. ఆ బొమ్మకి ముఖం పక్కవాటున, కన్ను మనవైపు, ఎడమచెయ్యి గాల్లో.